నొక్కుడక్క వేలికి అందని ముల్లు

ఆ వీధిలో సైకిలున్న ప్రతి మనిషికీ నొక్కుడక్క అంటే కాస్త జంకు. ఎవరైనా సైకిలాపి పక్కవాళ్ళతో రెండు మాటలు మాట్లాడుతున్నారంటే చాలు, వెనకనుంచి చల్లగా వచ్చి బొటనవేలితో టైరు నొక్కి చూసేది. మెత్తగా తగిలిందో, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

"గాలి తక్కువుంటే కుదుపులుండవు, హాయిగా ఉంటుందనుకుంటున్నారేమో! గుంటలో పడగానే ట్యూబు రిమ్ముకీ నేలకీ మధ్య నలిగి చస్తుంది. పక్కపక్కనే రెండు చిల్లులు, పాము కాటేసినట్టు. అప్పుడు నా దగ్గరికొచ్చి రోడ్డును తిట్టారంటే ఊరుకోను!"

కోపం ముక్కు మీదే ఉండేది గానీ మనసులో ఏమీ ఉండేది కాదు. ఆవిడ నోటికి జడిసి వారం వారం గాలి కొట్టించుకునేవాళ్ళ సైకిళ్ళు ఏళ్ళ తరబడి నిక్షేపంగా నడిచేవి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, అందులో ముప్పై ఆరేళ్ళు సైకిళ్ళు బాగుచేసే పీట మీదే గడిచాయి. అయినా పొద్దున్నే తలుపు తీసేటప్పుడు ఆవిడ మొహం చూడాలి, పెళ్ళివారింటికి వెళుతున్నట్టుండేది.

గది ఒక్కటే, పనులు రెండు. ఎడమ సగం ఆవిడ సైకిళ్ళకు, కుడి సగం ఆవిడ మొగుడి కుట్టుమిషనుకు. పెళ్ళైన కొత్తలో ఎవరిదో తెల్లచొక్కా మీద ఆవిడ అయిదు వేళ్ళూ నల్లగా అచ్చుపడ్డాయి. ఆ రోజు జరిగిన గొడవ ఇప్పటికీ వీధిలో చెప్పుకుంటారు. మర్నాటి నుంచి టైలరు తలుపు తీయగానే నేల తుడిచి, బట్ట మీద గీసే సుద్దతో గుమ్మం దగ్గర్నుంచి వెనకగోడ దాకా ఒక గీత గీసేవాడు. నూనె అటు పోకూడదు, దారప్పోగు ఇటు రాకూడదు. దెప్పిపొడుపులు మాత్రం పొద్దస్తమానం అటూ ఇటూ తిరిగేవి. ఈ మధ్య ఏడాదిగా టైలరు రోజుకు రెండుసార్లు పక్కనున్న పుస్తకాల కొట్టుకు వెళ్ళొస్తున్నాడు. "ఆ కొట్టాయనతో అన్ని కబుర్లేంటయ్యా నీకు? నాతో సరిపోవడం లేదా?" అని ఆవిడ రోజూ సాగదీసేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పనిలో ఆవిడకో పద్ధతుంది. టైరు ఎక్కించేటప్పుడు దాని మీదున్న అక్షరాలు సరిగ్గా గాలి పట్టే వాల్వు దగ్గరికి రావాలి. చూడ్డానికి అందంగా ఉంటుందని కాదు. ట్యూబులో చిల్లి వాల్వుకు ఎంత దూరంలో ఉందో జానతో కొలిస్తే, టైరులో అక్షరాల నుంచి అంతే దూరంలో ముల్లుంటుంది. చిల్లి మూసి ముల్లును వదిలేస్తే ఏం లాభం? అందుకే అతుకు వేశాక అక్కడ టైరు లోపల వేలు పెట్టి తడిమేది. ఆవిడ చేతిలో బాగుపడిన చక్రం అదే చోట చిల్లిపడి తిరిగిరావడమన్నది ముప్పై ఆరేళ్ళలో లేదు. ఆవిడ గొప్పగా చెప్పుకునే మాట అదొక్కటే.

అలాంటిది, నర్సమ్మ సైకిలు తిరిగొచ్చింది.

నర్సమ్మ ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్ళకు కట్లు మార్చే మనిషి. మొదటిసారి వెనక చక్రంలో గాలి పోయినప్పుడు చిల్లి వాల్వుకు జానెడు నాలుగు వేళ్ళ దూరంలో కనబడింది. నొక్కుడక్క అక్కడ టైరును తడిమింది. ఏమీ తగల్లేదు. ముల్లు గుచ్చుకుని రాలిపోయి ఉంటుందిలే అనుకుని, ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, అది వేలికి అంటుకోనంతగా ఆరేదాకా ఆగి, అతుకు వేసి పంపింది. నాలుగో రోజుకు చక్రం మళ్ళీ చప్పబడింది. చిల్లి పాత అతుకు పక్కనే! మళ్ళీ తడిమింది. నున్నగా ఉంది. అతుకుల ట్యూబును నమ్మడమెందుకని కొత్త ట్యూబు వేసింది. చక్రం పుల్లల మొనలు పైకి పొడుచుకొచ్చాయేమో, రిమ్ము పట్టీ జరిగిందేమోనని అవీ చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి.

కొత్త ట్యూబు వేసిన అయిదో రోజు మబ్బు పట్టిన ఉదయాన నర్సమ్మ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది, చెమటలు కక్కుతూ.

"అక్కా, ఏమీ అనుకోకు. నిన్న ఒక ముసలాయనకు కట్టు మార్చడానికి రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళాను. పాపం, అలాగే నొప్పితో పడున్నాడు. ఇంకోసారి ఇలాగైతే నేను వేరే దారి చూసుకోవాలి."

"సాయంత్రానికి రామ్మా," అంది నొక్కుడక్క. తిట్టడానికి కూడా నోరు రాలేదు.

ట్యూబు ఊడదీసి కొలిచింది. జానెడు, నాలుగు వేళ్ళు. ట్యూబు కొత్తది, చోటు పాతదే. అంటే ముల్లు టైరులోనే ఉంది. నా వేలికి తగలనిది టైరులో ఉండదు అని ఇన్నాళ్ళూ కొలతను కాదని వేలిని నమ్మింది. ఇప్పుడు తడిమితే మళ్ళీ నున్నగానే ఉంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసి బొటనవేలు చూసుకుంది. ముప్పై ఆరేళ్ళ రబ్బరూ ఇనుమూ రాసుకుని చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది.

"ఏమయ్యా," అంది గీత అవతలికి, చాలా నెమ్మదిగా. "నా చెయ్యి పోయింది."

టైలరు మిషను తొక్కడం ఆపాడు. "తెగిందా? చూపించు!"

"తెగలేదు. స్పర్శ పోయింది. లోపల ముల్లుందని తెలుస్తోంది, వేలికి తెలియడం లేదు. ఈ చక్రం ఇంకొక్కసారి తిరిగొస్తే నేను పానాలన్నీ మూటగట్టేస్తాను. ఊరికే అనడం లేదు. తెలియని చేత్తో జనం సైకిళ్ళు ముట్టుకోకూడదు." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కళ్ళల్లో నీళ్ళు చూసి టైలరుకు ఎన్నేళ్ళైందో!

ఆయన లేచాడు. కత్తిరింపు ముక్కల బుట్టలోంచి పల్చటి లైనింగు గుడ్డ పీలిక ఒకటి తీసుకుని, తను గీసిన గీతను తనే దాటి, ఆవిడ పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"ప్యాంటు నూనవుతుందయ్యా!"

"అవనీ. కుట్టేటప్పుడు సూది మొన విరిగి బట్టలో పోయిందనుకో, నేను వేలితో వెతుకుతానా? పిచ్చిదానా, వేలికి దొరకదు. గుడ్డకు దొరుకుతుంది." పీలికను టైరు లోపల పెట్టి మెల్లగా ఈడ్చాడు. జానెడు, నాలుగు వేళ్ళు. అక్కడ గుడ్డ టక్కున ఆగింది. ఒక పోగు లేచింది.

నొక్కుడక్క టైరును అక్కడ తిరగేసి గట్టిగా వంచింది. వెలుతురులో చిన్న మెరుపు. ఏ లారీ టైరులోంచి ఊడిపడిందో, వెంట్రుకలాంటి ఇనప తీగ ముక్క. బరువు పడినప్పుడే మొన పూర్తిగా బయటపెట్టి, దిగగానే పోగుకు తగిలేంత మిగిల్చి లోపలికి నక్కుతోంది. పట్టకారుతో లాగి అరచేతిలో పెట్టుకుని, "నీ దుంప తెగ, నా పరువంతా నీ చేతిలోనా!" అంది.

"చెయ్యేమీ పోలేదులే," అన్నాడు టైలరు, లేవకుండానే. "వేలు మొద్దుబారితే పనికి సెలవేనా? ఆ లెక్కన నేను ఏడాది కిందటే మిషను అమ్మేయాలి. కళ్ళానక నాకు సూదిలో దారం ఎక్కి ఏడాదైంది."

"మరి గుండీలు ఎలా కుడుతున్నావు?"

"పుస్తకాల కొట్టాయన ఎక్కించి ఇస్తున్నాడు."

ఆవిడ నోరు తెరిచింది. తిట్టబోయి, తిట్టు దొరక్క, "నేను లేనూ?" అంది. ఆ మాటే మళ్ళీ అంది, ఈసారి కోపంగా.

సాయంత్రం నర్సమ్మ సైకిలు తీసుకెళ్ళింది. ఆ తర్వాత వీధి చివర ఏ బెల్లు మోగినా నొక్కుడక్క తలెత్తి చూసేది. నాలుగు రోజులు గడిచాయి, ఆరు గడిచాయి. ఈలోగా ప్రతి టైరులోనూ గుడ్డ తిప్పడం మొదలుపెట్టింది. టైలరు పొద్దున్నే గీత గీశాక, దాని మీదుగా నాలుగు పీలికలు ఆవిడ వైపు విసిరేవాడు.

పన్నెండో రోజు నర్సమ్మ వచ్చింది. ఎక్కి కాదు, నడిపించుకుంటూ.

నొక్కుడక్క చేతిలో పానా జారి నేల మీద ఖణేలుమంది. నర్సమ్మ నోరు విప్పేలోపే ఎదురెళ్ళి, వంగి, వెనక టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. రాయిలా ఉంది. మళ్ళీ నొక్కింది.

"మరి నడిపించుకొస్తున్నావేంటే తల్లీ! చంపేశావు కదా!"

"దారంతా తవ్వి పెట్టారక్కా, ఎలా తొక్కమంటావు? అయినా నీ దగ్గరికి రాలేదు. కోటు జేబు ఊడింది. బావగారితో పని."

టైలరు కోటు అందుకుని చూశాడు. మిషను మీద కుదరదు, చేత్తోనే కుట్టాలి. సూదీ దారం తీసుకుని, అలవాటుగా పక్క కొట్టు వైపు లేవబోయి, ఆగాడు. నర్సమ్మ చూస్తుండగానే సూదిని గీత మీదుగా ఇటు చాపాడు.

"ఏమేవ్. కాస్త ఎక్కించు."

నొక్కుడక్క మోచేతుల దాకా సబ్బు రాసి రెండుసార్లు కడుక్కుంది. పొడి గుడ్డతో తుడుచుకుని, ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించింది.

"ఇంకో అయిదు సూదులు ఇలా పడెయ్," అంది చెయ్యి చాపి. "రేపటికి కూడా ఎక్కించి పెడతాను."