ఎరుపు గిట్టని పెద్దసారు

కోలారు జిల్లా నీటి కొరత పటాలు గీసే మా ఆఫీసులో పెద్దసారుకు ఎరుపు గిట్టేది కాదు. నీళ్ళు లేని ఊళ్ళకు నేను ఎరుపు వేస్తే, పెన్ను మూతతో కంప్యూటరు తెర మీద టకటకా కొట్టేవాడు.

"ఎరుపు జాస్తి అయిపోయిందప్పా. మీటింగులో మనల్నే తిడతారు. హద్దు రవంత జరుపు."

"జరిపితే నీళ్ళొస్తాయా సార్?"

"పటంలో వచ్చేస్తాయి కదప్పా!"

ఎంత కొరత ఉంటే ఎరుపు వేయాలో చెప్పే అంకెను పెంచాను. క్యాసంబళ్ళి, కామసముద్రం పచ్చబడ్డాయి. సారు కాపురముండే ఆండర్సన్‌పేట కూడా పచ్చబడింది. మీటింగులో ఆయనకు మెప్పు దక్కింది. ట్యాంకర్లు మాత్రం పటంలో ఎర్రగా ఉన్న చోట్లకే వెళ్ళాయి.

తర్వాతి వారం సారు స్నానం లేకుండా, విభూతి మాత్రం దట్టంగా పెట్టుకుని వచ్చాడు. పెన్ను మూతతో తెరను మెల్లగా తట్టాడు.

"ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. ఇంగ మా పేట ఒక్కటీ ఎర్రగా చేసెయ్యప్పా."