రాహుకాలంలో ఎక్కిన పేరు

ఇంటర్నెట్‌లో నా పేరు కొట్టి వెతికితే ఒక ఉత్తరం పైకి వస్తుంది. అంతా ఇంగ్లీషు, అంతా పెద్దక్షరాలు. సబ్జెక్టులోనే అర్జెంట్, అర్జెంట్ అని గుక్క తిప్పుకోకుండా ఉంటుంది. రాసింది నేనే. దాన్ని ఎలాగైనా తీయించేద్దామని కాళ్ళావేళ్ళా పడ్డాను, కుదరలేదు. ఎవరో చదివి నవ్వుకునే బదులు ఏం జరిగిందో నేనే చెప్పడం నయమనిపించింది.

మాది ఆత్మకూరులో పెళ్ళికార్డుల కొట్టు. కంప్యూటర్ మీద కార్డు తయారుచేసేది నేను. అచ్చు మిషను ఉదయగిరి కొట్టులో ఉంటుంది, దాన్ని మా ఆయన చూసుకుంటాడు. ఇదివరకు ఫైళ్ళు పెన్‌డ్రైవులో వేసి ఉదయగిరి బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్ళం. అది ఎప్పుడు చేరుతుందో, అసలు చేరుతుందో లేదో అని ప్రాణం కొట్టుకులాడేది. తర్వాత ఎవరో చెబితే ఒక ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టుకున్నాం. ఇక్కడి ఫోల్డరూ అక్కడి ఫోల్డరూ ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు అది చూసుకుంటుంది. నేనిక్కడ ఒక అక్షరం మారిస్తే కాసేపటికి అక్కడా మారుతుంది. ఒకే ఫైలును ఇద్దరం మార్చామనుకోండి, ఏది తర్వాత సేవ్ చేశామో దాన్ని ఉంచి రెండోదాన్ని పక్కన పడేస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఏవేవో దేశాల్లో ఉంటారు, పైసా తీసుకోరు. ఇబ్బంది వస్తే వాళ్ళ మెయిలింగ్ లిస్టుకు రాయాలి. అక్కడ రాసింది సభ్యులందరికీ వెళ్తుంది, ఆపైన ఎవరైనా చదువుకునేట్టు ఎప్పటికీ ఉండిపోతుంది. ఈ చివరి సంగతి వాళ్ళు స్పష్టంగానే రాసిపెట్టారు. నేనే చదవలేదు.

పెళ్ళికార్డుల పనికి డిజైను వస్తే చాలదు, పంచాంగం కూడా తెలియాలి. కార్డులో ఏ అక్షరమూ రాహుకాలంలో పడకూడదు, వర్జ్యంలో పడకూడదు. చిన్న మార్పు చేయాలన్నా టైము చూస్తారు. పల్లెల నుంచి షేర్ ఆటోల్లో వచ్చినవాళ్ళంతా రాహుకాలం పోయేదాకా కొట్లో కూర్చుంటే మాకు పని నడవదు. మా మామగారు దీనికో ఉపాయం కనిపెట్టారు. అచ్చక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో ఆయన స్టూలెక్కి గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పి, "ఇప్పుడు చూడండి, మంచి టైమే" అనేవారు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు, కానీ వాళ్ళ మనసు కుదుటపడేది. ఆయన తర్వాత నేను కంప్యూటర్‌లో గడియారాన్ని తిప్పడం మొదలుపెట్టాను. దానంతట అది టైము సరిచేసుకునే ఏర్పాటు తీసిపారేశాను. ఫైలు మీద కూడా మంచి టైమే పడుతుంది కాబట్టి మామగారి కంటే నేనే నాలుగాకులు ఎక్కువ చదివానని మురిసిపోయేదాన్ని.

ఆ శుక్రవారం అనంతసాగరం వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. నాకంటే పెద్దది, భర్త పోయి చాలా కాలమైంది. కూతురి పెళ్ళి. కార్డు సంగతి అంతకుముందే ఆమె మరిది వచ్చి చెప్పి వెళ్ళాడు. అమ్మాయి పేరు ముందు కీర్తిశేషులైన తండ్రి పేరు, కింద ఆహ్వానించేవాళ్ళుగా మరిదీ అతని భార్యా. మా వైపు అలాగే వేస్తారు. ఎవరూ ఎందుకని అడగరు. ఆమె కుర్చీ అంచున కూర్చుని గొంతు తగ్గించి అడిగింది.

"నా పేరు గూడా వెయ్యమ్మా. కన్నది నేను, సాకింది నేను. పిలిచేకాడ నా పేరు లేకపోతే ఎట్ట?"

"మీ మరిదికి తెలుసా అక్కా?"

"చెప్పినాను. నీ ఇష్టం వదినా అన్నాడు. కానీమ్మా, ఇప్పుడు రాహుకాలం నడస్తా ఉండాది గదా. అయిపోయిందాకా కూర్చుంటాలే. అసలే నా పేరంటే మొహం చిట్లించేవాళ్ళు ఉండారు. అదన్నా మంచి టైములో ఎక్కనీ."

నిజంగానే కూర్చునేది. నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని సిద్ధపడింది కూడా. ఓపిక లేనిది నాకు. పెళ్ళిళ్ళ సీజను, కొట్టు నిండా జనం, ఆమె ఉన్న కుర్చీ నాకు కావాలి. "ఎందుకక్కా అంతసేపు" అంటూ గడియారాన్ని రాహుకాలం ఇంకా మొదలవని పదింటికి తిప్పి, స్క్రీను ఆమె వైపు జరిపి చూపించాను. ఆమె నవ్వింది. పేరు కొట్టాను. తెర మీద పడిన తన పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. సేవ్ చేశాను. ఆమె మెట్లు దిగగానే గడియారాన్ని మళ్ళీ ముందుకు తిప్పి తర్వాతి పని చూసుకున్నాను.

ఉదయగిరిలో కార్డులు అచ్చయ్యాయి. వాటిని వాళ్ళ ఊరికి పంపించేసి, కొట్లో నమూనాల ఆల్బంలో పెట్టడానికి మా ఆయన నాకో కార్డు తెచ్చాడు. అందులో ఆమె పేరు లేదు.

"ఏందిది? ఆమె పేరేదీ?"

"నన్నడిగితే? ఫోల్డర్లో ఏముండాదో అదే కొట్టినాను."

"నువ్వేమన్నా మార్చినావా?"

"శుక్రవారం వినాయకుడి బొమ్మ రవంత పైకి జరిపి సేవ్ చేసినా. పేర్ల జోలికి పోలా." ఆయన నా చేతిలో కార్డు తీసుకుని చూసి, "ముందు వాళ్ళకి ఫోన్ చెయ్. కార్డులు పంచొద్దని చెప్పు" అన్నాడు.

"తప్పెవరిదో తేలనీ, అప్పుడు చేస్తాలే" అన్నాను.

మా ఆయన చెప్పిన మాటల్లో సరైనవి వెతుక్కుంటే దొరుకుతాయి, అందులో ఇదొకటి. నేను వినలేదు. తప్పు కంప్యూటర్‌దని చేతిలో రుజువు పట్టుకుని ఆమె ముందుకు వెళ్ళాలని నా పట్టుదల. ఖాళీ చేతులతో వెళ్ళడానికి నామోషీ.

అప్పుడు రాశాను ఆ ఉత్తరం. మీ సాఫ్ట్‌వేరు మోసం, పల్లెటూరి పేదవాళ్ళ జీవితాలతో ఆడుకుంటున్నారు, జవాబు చెప్పే దమ్ముందా అని. జవాబు రావడం ఆలస్యమైందని దాన్నే మళ్ళీ పంపాను. మళ్ళీ పంపాను. చివరికి ఎవరో ఒకాయన రాశాడు. ఏ దేశమో తెలియదు. మీది ఏ వెర్షన్, మీరేం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది అని వరసగా అడిగాడు. పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టుంటుంది, మామూలుగా రాయమన్నాడు. ఒకే ఉత్తరం పదే పదే పంపవద్దన్నాడు. జవాబు ఏ ప్రశ్నకు సంబంధించిందో దాని కిందే రాయమన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా దగ్గర కష్టమని గడప తొక్కినవాళ్ళను ముందు కూర్చోమంటాం, మంచినీళ్ళిస్తాం. ఈయనేంది, వచ్చీ రాగానే కూర్చునే పద్ధతి నేర్పిస్తున్నాడు? ఆ మాటే ఇంగ్లీషులో రాసి పంపాను. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఇంకో ప్రశ్న అడిగాడు.

రెండు కంప్యూటర్లలోనూ గడియారాలు సరిగ్గా ఉన్నాయా?

అది చదవగానే తప్పు నా గడియారానిదేనని నాకు తెలిసిపోయిందని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. కానీ రాహుకాలం అని ఊరూ పేరూ తెలియని అంతమంది తెల్లవాళ్ళ ముందు ఎలా చెప్పను? "గడియారాలు పర్ఫెక్టుగా ఉన్నాయి" అని రాశాను. మీకు ముఖ్యమైనదేమైనా పోయిందా అని ఇంకొకరు అడిగారు. "ఒక్క పేరే" అని రాశాను. ఆ జవాబు కూడా అక్కడే ఉంది, ఎవరైనా చూడొచ్చు.

నా అబద్ధాన్ని నమ్మి వాళ్ళు పనిలో దిగారు. ఒకావిడ తన దగ్గరున్న రెండు కంప్యూటర్లకు మధ్యలో నెట్ తీసేస్తూ, పెడుతూ పరీక్షలు చేసింది. ఇంకొకరు తాము రాసిన కోడులోనే తప్పు ఉందేమోనని వెతికారు. నేను గిరాకీల మధ్య ఆ ఉత్తరాలు తెరిచి చదువుతూ, ఉదయగిరి కొండ దగ్గర నెట్ సరిగా ఉండదు, అదేనేమో అని వాళ్ళకు ఇంకో తప్పుదారి చూపించాను. ఇంతమంది నా కోసం తిప్పలు పడుతుంటే, పల్లెలో కార్డుల కట్ట సంగతి నేను ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను.

చివరికి సాఫ్ట్‌వేరు తన పని తాను రాసుకునే లాగ్ ఫైలు పంపమన్నారు. పంపాను. అందులో ఏముంటుందో నాకు తెలియదు. ఆ మొదటాయనే జవాబిచ్చాడు. శుక్రవారం పొద్దున మీ గడియారం పదకొండు నుంచి పదికి వెనక్కి వెళ్ళింది, కాసేపటికి మళ్ళీ ముందుకు వచ్చింది, ఎవరైనా మార్చారా అని. అబద్ధం చెప్పావు అనలేదు. పక్కన పడేసిన కాపీని సాఫ్ట్‌వేరు చెరిపేయదు, ఫలానా ఫోల్డర్లో దాచిపెడుతుంది చూడండి అని దారి మాత్రం చెప్పాడు.

తెరిచి చూశాను. ఆమె పేరున్న కార్డు అక్కడ భద్రంగా ఉంది, పదిన్నర దాటకముందే సేవ్ అయినట్టు. మా ఆయన వినాయకుడిని జరిపింది పదీ నలభైకి. ఆమె పేరు నిజానికి ఆ తర్వాత, పదకొండింటికి ఎక్కినా, నేను గడియారం తిప్పడం వల్ల అది పాతదైపోయింది. మా ఆయన కాపీని కొత్తదనుకుని సాఫ్ట్‌వేరు దాన్నే ఉంచింది. మంచి టైములో ఎక్కాలని ఆమె కోరుకున్న పేరును ఆ మంచి టైమే తీసేసింది.

చిన్నక్షరాల్లో ఉత్తరం రాశాను. రాహుకాలం అంటే ఏమిటో, మేం గడియారం ఎందుకు తిప్పుతామో, మొదట ఎందుకు అబద్ధం చెప్పానో అంతా రాశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పరీక్షలు చేసినావిడ, చెప్పినందుకు థాంక్స్, గడియారం మార్చవద్దని మాన్యువల్‌లో ఒక మాట చేరుస్తాను అంది. నా పాత ఉత్తరాలు తీసేయమని బతిమాలాను. అందరికీ ఇదే నియమం, ఎవరివీ తీయం, ఇదే ఇబ్బంది వచ్చినవాళ్ళకు ఉపయోగపడతాయి అన్నాడు మొదటాయన. ఆ కిందే ఇంకో వాక్యం రాశాడు. ఆ పేరు ఎవరిదో, వాళ్ళకు ఈ సంగతి చెప్పారా?

సిగ్గుతో చచ్చిపోయాను. లిస్టులో వాళ్ళకున్న ఆ పాటి ఆలోచన ఎదురుగా కూర్చుని పేరు కొట్టిన నాకు లేకపోయింది.

మా ఆయన కార్డులు మళ్ళీ అచ్చేశాడు. కట్ట ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆమె ఇంటి ముందు పెళ్ళి బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి, లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. కార్డులు చూపించి, గడియారం సంగతి తలొంచుకుని చెప్పాను. ఆమె అంతా విన్నది.

"మా మరిది తీయించినాడనుకున్నా" అంది. "ముందు సరేనని, తర్వాత మీకాడికొచ్చి వద్దని చెప్పినాడని. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాళ్ళేదు. నేను తీయించలేదు వదినా అని ఏడ్చినంత పని చేసినాడు. నమ్మలా."

నేను కట్ట ఆమె ముందుకు జరిపాను.

"నీకెప్పుడు తెలిసిందమ్మా, పేరు లేదని?"

"కార్డులు మీ ఊరికి పంపించిన రోజే."

"ఆ రోజా?" అంది. గొంతులో కోపం లేదు. "ఆ రోజుకింకా ఒక్క కార్డు గూడా పంచలేదే. దేవుడి ముందర పెట్టుండారు."

క్షమించమని అడగాలనే వచ్చాను. ఆ మాట విన్నాక అడగడానికి కూడా నోరు రాలేదు. ఆమె కట్ట విప్పి ఒక కార్డు తీసింది. తన పేరు ఉన్నచోట వేలు పెట్టి, ఆ రోజు కొట్లో చదివినట్టే కూడబలుక్కుని చదివింది. లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి నా ముందుకు జరిపింది. తను నాకు బొట్టు పెట్టలేదు.

"నువ్వే పెట్టుకో తల్లీ" అంది. పెట్టుకున్నాను. అప్పుడు కార్డు నా చేతికిచ్చింది.

"చుట్టాలందరినీ వాళ్ళు పిలిచేసినారు. నేను పిలిచేదానికి ఎవురూ మిగల్లా, నువ్వు తప్ప. పెళ్ళికి రామ్మా."