పట్ట కప్పని ఎర్రగడ్డలు

నన్ను చెప్పుతో కొట్టాల్సిన రోజు ఒకటుంది. తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఒక లారీ ఎర్రగడ్డలనూ, మామ దగ్గర నా మర్యాదనూ ఒకే వానలో ఎలా ముంచానో చెబుతాను.

ఆ ఏడు కర్నూలు యార్డులో ఎర్రగడ్డలను, అదే మీ ఉల్లిపాయలను, అడిగే దిక్కు లేదు. నాకు పిల్లనిచ్చిన మామ ఓబులేసు ఓర్వకల్లు దగ్గర బోరు అడుగు పిండి పండించిన పంట కళ్లంలో కుప్పగా పడి ఉంది. అది అమ్ముడైతేనే మళ్లీ విత్తనం. అప్పుడే ఇరుగుపొరుగు దేశాల పెద్దలంతా చేతులు పట్టుకుని ఫొటో దిగి, ఇక మన మధ్య సరుకు నీళ్లలా పారుతుందన్నారు. టీవీలో చూశాను. నమ్మాను! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను యార్డులో ఓడి ఏకంగా బంగ్లాదేశ్‌లో గెలవబోయాను.

"మామా, ఆడ మన గడ్డకు ఎగబడతారు. నాకొదిలెయ్."

"యాడి దేశం, యాడి గడ్డ? నీకేమన్నా తెలుసునా అల్లుడా?"

"తెలీకేం మామా! అన్నీ ఒక వీధిలో ఇండ్ల మాదిరే."

బయలుదేరేముందు నేను టైర్లతో నిమ్మకాయలు తొక్కించాను. డ్రైవర్ మస్తానన్న దర్గాకు పోయి లారీకి ఊదు పొగ పట్టించాడు. లోడు మీద కప్పే పట్ట మీద మాత్రం మా అత్త మిరపకాయలు ఆరబోసుకుంది.

"పట్ట అడుగుదామా?" అన్నాను.

"వాన మొగం సూసి ఎన్నాళ్లయిందప్పా! ఈ పొద్దు మనకోసరం వస్తాదా? గడ్డకు గాలి తగలల్ల" అన్నాడు మస్తానన్న.

నాకూ సబబుగానే తోచింది. దిష్టి తగలకుండా అన్నీ చేశాం, వాన తగలకుండా ఏమీ చేయలేదు.

సరిహద్దులో లారీల వరుసకు చివర కనబడలేదు. ఇక్కడో కాగితం, అక్కడో ముద్ర. పైగా మన లారీ అవతలికి పోకూడదట, సరుకంతా దించి వాళ్ల లారీకెక్కించాలట. నీళ్లలా పారుతుందన్నారే! తాను దూర సందు లేదు, వెనక లారీ నిండా గడ్డ! ఆ ఫొటో దిగిన పెద్దలందరినీ తెచ్చి ఆ వరుసలో నిలబెట్టాలనిపించింది. కిటికీలోని గుమాస్తా మీద తెలుగులో అరిచాను. ఆయన బెంగాలీలో అరిచాడు. ఇద్దరికీ బాగానే అర్థమైంది.

అప్పుడు వాన పడింది. మనవైపు తుంపర కాదండీ, బిందెలతో కుమ్మరించినట్టు. మీరైతే సరుకు సంగతి చూసుకుంటారు. మేం సీమవాళ్లం. నేనూ మస్తానన్నా లారీ దిగి, నోళ్లు తెరుచుకుని, పిల్లల్లా గంతులేశాం. అంతటితో ఆగానా? మామకు వీడియో కాల్ చేశాను.

"మామా, వాన చూడు!"

"అబ్బబ్బా! ఏం కొడతాండాది నాయనా! ఓమేయ్, ఇట్ల రా, వాన సూడు!"

అత్త వచ్చింది, పక్కింటివాళ్లు వచ్చారు. ఎవరో ఫోనుకు దండం కూడా పెట్టారు. అందరూ మురిసిపోతుంటే మామ మొహం మెల్లగా మారింది.

"అల్లుడా, గడ్డ యాడుండాది?"

వెనక్కి తిరిగి చూశాను. బస్తాల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

వరుస కదిలేలోపు గడ్డ కుళ్లింది. సరిహద్దు దాటింది వాసన ఒక్కటే. దాన్ని కాగితమూ అడగలేదు, ముద్రా అడగలేదు. కొంటానన్న అవతలి వ్యాపారి ముక్కు మూసుకుని వెళ్లిపోయాడు. గడ్డంతా అక్కడే పారబోసి, మామకు ఫోన్ చేశాను.

"మామా, అంతా పోయింది. లారీ ఖాళీగా తెస్తాండా."

"ఖాళీగా ఎందుకొస్తావురా దద్దమ్మా!" మామ నన్ను 'రా' అనడం అదే మొదటిసారి. "నా గడ్డను ముంచిన ఆ వాననే లారీకెత్తుకోని రా! ఈడ బోరులో సుక్క లేదు!"

మహానంది కోనేట్లో మునిగి ఒట్టేశాను: ఇకమీదట పక్కింటికి పచ్చడి పంపినా సరే, గిన్నెకు మూత పెట్టి, ఆ మూత మీద పట్ట కప్పి గానీ పంపను. వాన పడితే గంతులేయనని మాత్రం మాటివ్వలేను.