ధనిష్ఠ వెళ్ళేదాకా అరుగు మీద

ధవళేశ్వరంలో మేం అద్దెకున్న వాటా గుమ్మంలోకి ఆ పొద్దున ఓనరు గారి భార్య పంచాంగం పట్టుకునే వచ్చింది.

"ఏమీ అనుకోకండమ్మా. మధ్యాహ్నం నుంచి ధనిష్ఠ. అక్కణ్ణుంచి రేవతి వెళ్ళేదాకా అయిదు నక్షత్రాలూ మంచివి కావు. అప్పుడు ఇంట్లో ప్రాణం పోతే నెలల తరబడి ఇల్లు తాళం వేసుకోవాలి. మీ అత్తగారిని కాస్త అరుగు మీదకి..."

నాకు ఒళ్ళు మండిపోయింది. రేపో మాపో అని డాక్టరు గారు ఇంటికి పంపేసిన మనిషిని ముసురులో గుమ్మం బయట పడుకోబెట్టాలా? మా ఆయన వైపు చూశాను. నేల చూపులు చూస్తున్నారు. కాదంటే ఇల్లు ఖాళీ చెయ్యమంటారని ఆయన భయం.

"ప్రాణం పంచాంగం చూసుకుని పోతుందా అండీ?" అని అరిచేశాను.

అసలు ఆ పంచాంగాన్ని నాకు అంటగట్టిందే అత్తయ్యగారు. పొద్దున్నే తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అయిదూ చదివితేగానీ ఆవిడ కాఫీ ముట్టేవారు కాదు. ఓసారి తునిలో మా పుట్టింటికి బయల్దేరితే వర్జ్యం ఉందని, ఆ చెడు ఘడియలు వెళ్ళేదాకా గుమ్మంలోనే ఆపేశారు. బస్సు పోయింది. పెట్టె పట్టుకుని ఏడుస్తూ నించున్నాను.

లోపల్నుంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది.

"ధనిష్ఠ ఎప్పుడొస్తోందే?"

"ఇంకా రెండ్రోజులుందండీ."

"నాకా చెబుతావు? నిన్న ఉత్తరాషాఢ, ఇవాళ శ్రవణం, ఆ తర్వాత ధనిష్ఠేగా. ఇల్లు వాళ్ళది. నన్ను బయట పెట్టండి."

మంచం అరుగు మీదకి మోశాం. గోదావరి గాలికి జల్లు కొట్టేస్తుంటే టార్పాలిన్ కట్టాం. దారిన పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి మరీ చూసేవాళ్ళు. చెడామడా తిట్టేదాన్ని. రోజూ ఆవిడే అడిగేవారు, శతభిషం వచ్చిందా, పూర్వాభాద్ర వచ్చిందా అని. ఊపిరి కాస్త ఆగితే చాలు, నా పైప్రాణాలు పైనే పోయేవి. దిక్కులేని మనిషిలా ఇక్కడ మాత్రం పోకండి అత్తయ్యగారూ అని మనసులో మొక్కుకునేదాన్ని. రేవతి నాటికి గంజి కూడా దిగలేదు. పలకరిస్తే పలుకు లేదు.

మర్నాడు తెల్లారగానే పంచాంగం తీశాను. రేవతి వెళ్ళిపోయింది.

"అశ్విని వచ్చేసిందండీ! లోపలికెళ్ళిపోదాం" అన్నాను, చెవి దగ్గర వంగి.

కళ్ళు తెరిచారు. మా ఆయనా నేనూ మంచం ఎత్తితే, కాళ్ళ వైపు ఓనరు గారి భార్య కూడా వచ్చి పట్టింది. గుమ్మం దాటబోతుంటే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"వర్జ్యమేమో చూడవే."

నేను చూడలేదు.

"లేదండీ" అన్నాను.

ఈసారి వాదించలేదు. మంచం ఎప్పుడూ ఉండే చోటే దించాం. హమ్మయ్య అన్నారు. రెండు చుక్కలైనా నోట్లో పోద్దామని కాఫీ కలిపి తెచ్చేసరికి ఆవిడ లేరు.