నాయన గొంతుకు బదులు ఒక పేజీ

ఒక పని జరుగుతుంటే పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేను, బస్సు వచ్చేదాకా బెంచీ మీద కూర్చోలేను. అలాంటిదాన్ని రెండువేల దశకం మొదట్లో, కడపలో, డయలప్ మోడెం పక్కన ఒక పసుపు సీజనంతా కూర్చున్నాను. నాయన గొంతు కోసం కూర్చున్నాను.

నాయనది మార్కెట్ యార్డులో పసుపు కమీషన్ కొట్టు. పొద్దున వేలం మొదలైతే కర్నూలులో ఉన్న వ్యాపారులకు ఫోన్లో ధరలు చెబుతూనే ఉండాలి. "కొమ్ములు బాగుండాయి, దుంపల్లో తడి ఉండాది, తీసుకోమంటావా వద్దంటావా?" వేలం రొదలో అది చెప్పడం కాదు, అరవడం. ఏళ్ల తరబడి అరిచి అరిచి గొంతులో కాయలు కాశాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇకమీద అరిస్తే ఉన్న గొంతు కూడా పోతుందని ఖరాఖండిగా చెప్పాడు. కొట్టు మూసేద్దామా అంటే నాయన నావైపు గుర్రుగా చూశాడు. అప్పుడు ఇంట్లో కంప్యూటర్ చదివి ఖాళీగా ఉన్నదాన్ని నేనే. ధరలు వెబ్ పేజీలో పెడతాను, వాళ్లు కర్నూలులో కూర్చుని చూసుకుంటారు, నువ్వు నోరు మెదపక్కర్లేదు అన్నాను. పెద్ద గొప్పగా అన్నాను. ఫోన్‌కు అడ్డం రాకుండా మోడెంకు అక్కడా ఇక్కడా వేరే లైన్ పెట్టించుకున్నాం.

నాయన గుమ్మంలో నిలబడి వేళ్లతో ధర చూపించేవాడు, నేను కంప్యూటర్లో కొట్టేదాన్ని. కర్నూలులో ఎవరు పేజీ తెరిచినా సర్వర్ అప్పటి ధరలతో పేజీని అప్పటికప్పుడు తయారుచేయాలి. పసుపు రాశుల ఫొటోలను కూడా అప్పుడే చిన్నవి చేసి పంపాలి. పూర్తయ్యేదాకా పంపేది మొత్తం ఎంత పొడుగో సర్వర్‌కే తెలియదు. తెలియదు కాబట్టి 'అయిపోయింది' అని చెప్పడానికి దానికి ఒకటే దారి, కనెక్షన్ తెంచేయడం. తర్వాతి ఫొటోకు మళ్లీ కొత్త కనెక్షన్, మళ్లీ రెండు కంప్యూటర్ల మధ్య పలకరింపులు, మళ్లీ తెంపు. ఆ నాసిరకం లైన్ల మీద పలకరింపులకే పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. ఆఖరి ఫొటో కనపడేసరికి ఆ రాశి ఇంకొకరి పాలయ్యేది. వెంటనే ఫోన్ మోగేది. "ఏమన్నా, ధర యాడిదాకా పోయింది?" నాయన గొంతు చించుకునేవాడు.

కనెక్షన్ తెరిచే ఉంచాలంటే పొడుగు ముందే చెప్పాలి. సరే, పేజీని లోపలే పూర్తిగా తయారుచేసి, కొలిచి, ఇంత ఉందని ముందు చెప్పి, ఆ తర్వాత ఒక్కసారిగా పంపేలా ప్రోగ్రాం మార్చాను. మొత్తం మీద మునుపటికన్నా చాలా త్వరగా వచ్చేస్తోంది. కొట్టులోనే గంతేశాను. నాయన నవ్వాడు.

మర్నాడు వేలం మొదలవగానే ఫోన్. నేను చిన్నాయనా అని పిలిచే కర్నూలు వ్యాపారి, నాయనకు మొదటినుంచీ తోడుగా ఉన్న మనిషి. రిసీవర్ నేనే ఎత్తాను.

"తెర తెల్లగా ఉండాది పాపా. ఏమీ రాల్యా."

"రవ్వంతసేపు ఆగు చిన్నాయనా, అంతా ఒకేసారి వస్తాది."

"ఆగినా. అలికిడి ల్యా. కట్ చేసి మళ్లా కొట్టినా. మళ్లా తెలుపే. మళ్లా కట్ చేసినా."

తల పట్టుకున్నాను. వీళ్లంతా ట్రంకు కాల్స్ కాలం నుంచి ఫోన్ మీద వ్యాపారం చేసినవాళ్లు. అవతల అలికిడి లేకపోతే లైన్ చచ్చినట్టు లెక్క, పెట్టేసి మళ్లీ చేస్తారు. కంప్యూటర్ ముందు కూడా అదే చేశారు. నేను అంత కష్టపడి తెరిచి ఉంచిన కనెక్షన్‌ను వాళ్లే తెంచి, సర్వర్‌ను మళ్లీ మొదటినుంచి పని చేయిస్తున్నారు. "ఆగండి, కాస్త ఆగండి" అని ఫోన్లో నేను అరుస్తున్నాను. ఆగడం చేతకాని నేను! ఈలోగా నాయన రిసీవర్ లాక్కుని ధరలు మొదలుపెట్టాడు. మాట సగం గాలిగా వస్తోంది. మెడ మీద నరాలు ఉబ్బాయి. చూడలేక యార్డులోకి వెళ్లి నిలబడ్డాను.

ఆ తర్వాత నాకు తిండి మీద ధ్యాస లేదు. నడుస్తున్నా అదే, అన్నం కలుపుతున్నా అదే. చివరికి దారి దొరికింది. పేజీని ముక్కలుగా పంపాలి, ప్రతి ముక్కకు ముందు ఆ ముక్క పొడుగు మాత్రం చెప్పాలి. ఆఖర్న ఖాళీ ముక్క పంపితే అయిపోయినట్టు. మొత్తం ఎంతో తెలియక్కర్లేదు, కనెక్షన్ తెంచక్కర్లేదు. మొదటి ముక్కలో తేదీ, కొట్టు పేరు వెంటనే వెళ్లేలా పెట్టాను. ఏదో ఒకటి కనపడితే వాళ్ల చెయ్యి ఆగుతుందని నా ఆశ.

ఆ మార్పు పెట్టిన పొద్దున వేలం మొదలైంది. తీసుకో, వద్దు అని కర్నూలు జవాబులు పేజీ అడుగున నేను పెట్టిన గడిలోనే వస్తున్నాయి. నేను ఫోన్ వైపు చూడటం, నాయన ఫోన్ వైపు చూడటం. అది మోగలేదు. వేలం ముగిసింది, హమాలీలు సంచులు కుట్టడం మొదలుపెట్టారు, ఒక్క కాల్ రాలేదు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం. నాయన గొంతు దక్కింది అనుకున్నాను.

వెనక్కి తిరిగితే ఆయన ఫోన్లో నంబరు నొక్కుతున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పెట్టెయ్ నాయనా! ధరలన్నీ అందినాయి వాళ్లకు. ఇంగేం చెప్తాండావు? ఎవరి కోసం నాకీ చాకిరీ?"

ఆయన నన్ను ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, రిసీవర్‌ను నోటికి ఆనించుకుని వినీ వినపడనట్టు ఏదో అన్నాడు. అవతలి మాట విన్నాడు. తలూపాడు, నవ్వాడు, పెట్టేశాడు.

"ధరలు చెప్పలేదు పాపా. తింటివా అని మీ చిన్నాయన్ని అడిగినా," అన్నాడు బొంగురుగా. "ఇన్నేండ్లలో వాని గొంతు ఇనకుండా ఒక్క వేలమన్నా ముగిసింది ల్యా."

మర్నాడు వేలం ముగియగానే ఆ నంబరు నేనే నొక్కి, రిసీవర్ ఆయన చేతికిచ్చాను.