ఆ కథ రాసింది మగవాడు కాదని నాకు తెలుసు

నేను మోస్తున్నది బయటికి బరువులా కనిపించదు. చూసేవాళ్లకి అది పతకంలా ఉంటుంది. అన్యాయం జరిగితే ఊరుకోదు, రాసేస్తుంది అని నా గురించి నలుగురూ అంటారు. మా ఆయన చుట్టాలకి గొప్పగా చెబుతాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్లిపోతాను. పెళ్లికి ముందు నుంచీ ఇంతే. ఈ పత్రిక చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

పోయిన నెల మా పాప బడి నుంచి వచ్చి మాట్లాడటం మానేసింది. నీళ్లు కావాలన్నా సైగ చేసింది. బతిమాలితే చెప్పింది: "ఏటి" అంటే టీచరు "అలా అనకూడదు, ఏమిటి అనాలి" అందట, పిల్లలు నవ్వారట. దానికి ఒళ్లు కాస్త వెచ్చబడితేనే నిద్రపోని దాన్ని. ఊరుకుంటానా? మర్నాడే వెళ్లాను. మా యాసని సినిమాల్లో నవ్వులాటకి వాడుకోవడం గురించి, ఒక పిల్ల మాటని చిన్నబుచ్చితే ఆ మాట నేర్పిన అమ్మమ్మని చిన్నబుచ్చినట్టేనని, గొంతు వణక్కుండా చెప్పాను. ఆ టీచరు నాకంటే చిన్నది. తల దించుకుని, తప్పయిపోయిందండీ అంది.

ఆ మాటలు నాకు అప్పటికప్పుడు పుట్టినవి కావు. ఇంతకు ముందొకసారి రాసినవే. వాటితో ఒక అమ్మాయి చేత రాయడం మాన్పించాను.

ఆమెని నీలవేణి అంటాను. అసలు పేరు కాదు. శ్రీకాకుళంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మాది ఒకే గది. వాళ్లది భావనపాడు దగ్గర పల్లె, చేపల వేట మీద బతికే ఇల్లు. మాది వరి పండించే ఇల్లు. సెలవులకి వెళ్లొచ్చినప్పుడల్లా ఆమె సంచిలో ఎండు చేపలు ఉండేవి. వాసన భరించలేమని మిగతా అమ్మాయిలు వార్డెన్ దగ్గరికి వెళితే నేను అడ్డం నిలబడి వాదించాను. గెలిచాను కూడా. ఆ రోజు నన్ను చూసుకుని నేనెంత మురిసిపోయానో! ఆమెకి సాయం చేయడం ఇష్టమా, సాయం చేసే నేను ఇష్టమా? అప్పుడు ఈ ప్రశ్న తోచలేదు.

ఇద్దరికీ కథల పిచ్చి. ఫోన్లో భాగాలు భాగాలుగా వచ్చే కథలు చదివి, రాబోయే భాగం గురించి పోట్లాడుకునేవాళ్లం. ఆ కథలు చదివేవాళ్ల కోసం ఒక గ్రూపు ఉండేది. దాన్ని నడిపే ముగ్గురిలో నేనొకదాన్ని. ఏ కథలో ఆడదాన్ని కించపరిచారో, ఏ కథలో కులాన్ని దాచిపెట్టారో వెతికి రాసేదాన్ని. నా రాతలకి పేరొచ్చింది. నా కథలకి మాత్రం రాలేదు. వాటిని పది మంది కూడా చదివేవారు కాదు.

నీలవేణి కూడా రాసేది. నాకు చూపించేది. నేను ఆమె మాటలన్నీ పుస్తకాల తెలుగులోకి దిద్దేదాన్ని. దిద్దాక ఆ కథలు శుభ్రంగా, చప్పగా ఉండేవి. నా కథల్లాగే.

ఒకసారి నాకు చూపించకుండా, మగ పేరు పెట్టుకుని, ఒక కథ మొదలుపెట్టింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే ముసలమ్మ కథ. ముసలమ్మే మాట్లాడుతుంది. "ఒలే, సేప కంపంతారు గానీ, సేప తిన్న నోరు కంపని ఎవులూ అనరేటే?" ఇలా ఉండేది. జనం విరగబడి చదివారు. నేనూ చదివాను, రాసింది ఎవరో తెలియకుండానే. ఆనక అది తనదేనని నా ఒక్కదానికే చెప్పింది. ముందే ఎందుకు చూపించలేదని అడిగితే, "నువ్వు దిద్దేస్తావు కదే!" అని నవ్వింది.

ఆ నవ్వులో ఏ విషమూ లేదు. విషం నాలో ఉంది.

కొన్నాళ్లకి గ్రూపులో ఎవరో అడిగారు, ఈ రచయిత ఎవరు, ఎప్పుడైనా గంప ఎత్తాడా అని. నాకు జవాబు తెలుసు. జవాబు చెప్పలేదు. ఎవరు రాసినా గ్రూపు పేరు మీద వేసే పద్ధతి కూడా ఉండేది; అలా, నా పేరు లేకుండా, ఒక వ్యాసం రాశాను. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్న మగవాడు మా ఆడవాళ్ల గోడుని, మా యాసని సరుకు చేసి అమ్ముకుంటున్నాడని. దమ్ముంటే ముఖం చూపించమని. ముఖం చూపించడం ఆమెకి కుదరదని నాకు తెలుసు కాబట్టే ఆ మాట రాశాను. ఆ వ్యాసంలో చెప్పిన న్యాయమంతా ఇప్పటికీ న్యాయమే. అలాంటి మగవాళ్లు ఉన్నారు. ఆ కథ రాసినది మాత్రం నా పక్క మంచం మీద పడుకునే అమ్మాయి.

మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఫోను పట్టుకుని వచ్చింది.

"ఒసే, ఇది సూసినావా? నాను మొగోడినట! ఏసీలో కూకోని రాస్తన్నానట!" అంటూ పగలబడి నవ్వింది. మా గదిలో ఫ్యానే సరిగ్గా తిరగదు.

"సూసినాను," అన్నాను.

"ఎవులు రాసుంతారే?"

"ఏమో. గ్రూపులో శానామంది ఉన్నారు కదా."

"ఎవులైనా గానీ బాగా రాసినారే. నిజంగా అలాటోడు ఉంటే నానూ తిడుదును." నవ్వు ఆగిపోయింది. తడి బట్టల కుప్పలో నుంచి ఒక చున్నీ తీసి నాకంటే ముందు తనే దులిపి ఆరేసింది. "కింద కామెంట్లు సూడు. మా అమ్మని తిడతన్నారు. నువ్వొక ముక్క సెప్పవే. నా పేరొద్దు, మా అన్నకి తెలిస్తే ఫోను సంద్రంలోకి ఇసిరేస్తాడు. రాసిన మనిసి నాకు తెల్సు, ఆ ఊరి పిల్లే అని సెప్పు, సాలు. నువ్వు సెప్తే నమ్ముతారు."

"ఇప్పుడు మాటాడితే ఇంకా పెద్దదవుతాది. రెండ్రోజులు ఊరుకో, అదే సల్లారిపోతాది."

"సల్లారుతాదంతావా?"

"సల్లారుతాది."

"నీకు తెల్సులే," అంది. నమ్మింది.

చల్లారలేదు. చల్లారదని నాకు తెలుసు. అలాంటి మంటల్ని రాజేయడంలో అప్పటికి నాకు చెయ్యి తిరిగింది. వారం తిరక్కుండా ఆమె కథంతా తీసేసింది. గంప దించితేనే బస్సు కదులుతుందని కండక్టరు పట్టుబట్టిన చోట ఆగిపోయింది ఆ కథ. తర్వాత ముసలమ్మ ఏం చేసిందో చదివినవాళ్లెవరికీ తెలియదు. నేను అడగలేదు. ఏ నోటితో అడుగుతాను?

గ్రూపులో ఆ వ్యాసాన్ని ఇప్పటికీ పైన పెట్టి ఉంచారు. కొత్తగా చేరినవాళ్లు ముందు అదే చదువుతారు.

ఆమె మళ్లీ రాయలేదు. శ్రీకాకుళంలోనే ఒక ఆసుపత్రిలో బిల్లులు కట్టించుకునే ఉద్యోగం. నాతో స్నేహం మానలేదు. పాప బారసాలకి వచ్చి రోజంతా దాన్ని ఒళ్లోనే ఉంచుకుంది. నేను రాస్తున్నానా అని ఫోన్లో అడుగుతుంది, మానొద్దంటుంది. ఇన్నిసార్లు మాట్లాడాను, ఒక్కసారైనా చెప్పలేకపోయానా? పాప కడుపులో ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. ఆందోళన పడకూడదన్నారని మానేశాను. పుట్టాక, పాలిచ్చే రోజుల్లో ఏడవకూడదని మానేశాను. పాపని నా పిరికితనానికి అడ్డం పెట్టుకున్నాను. అది పెద్దయ్యాక ఎవరినైనా ఇలా చేస్తుందేమో, దాన్నే ఎవరైనా ఇలా చేస్తారేమో అని భయపడతాను. రెండిట్లో ఏది ఎక్కువ భయమో చెప్పలేను.

అసూయ అంటే సరిపోతుందా? ఆమె తక్కువగా ఉన్నన్నాళ్లూ నేను అండగా ఉన్నాను. నా అండ అక్కర్లేకుండా ఒక్క కథ రాసేసరికి ఓర్వలేకపోయాను. అది కూడా న్యాయం పేరుతోనే చేశాను. మామూలుగా తగువులాడి ఉంటే ఆమె తిరిగి తిట్టేది, ఇద్దరం నాలుగు రోజులు మాట్లాడుకోకుండా ఉండేవాళ్లం, అయిపోయేది. నేను ఆమెకి తిట్టడానికి మనిషిని కూడా మిగల్చలేదు.

ఇది కూడా బాగా రాస్తున్నానా అని మధ్యలో రెండుసార్లు ఆగాను. మెచ్చుకోలు కోసం రాస్తున్నానా? కాదని గట్టిగా అనలేను. అయినా ఆపను.

నీలవేణి ఈ పత్రిక తెప్పించుకుంటుంది. ఎండు చేపల దగ్గరికి వచ్చేసరికే గుర్తుపట్టేస్తుంది. పేరు మార్చానే గానీ డాబా మీద మాటలు మార్చలేదు. చదివాక ఫోను చేస్తుందో, నా నంబరు తీసేస్తుందో. క్షమించమని అడగడం లేదు. అడిగితే జవాబు చెప్పాల్సిన పని మళ్లీ ఆమె మీదే పడుతుంది.

ఆ వ్యాసం రాసింది నేనే. నీ కథ అని తెలిసే రాశాను.