గాలి గొట్టానికి చుట్టిన టేపు

పొద్దుటి నుంచి షుఐబాలో దుమ్ముగాలి. గ్యారేజీ షట్టర్లు సగానికి దించుకుని ఒక జీపుకు పెట్రోలు ఫిల్టరు మారుస్తున్నాను. పది గంటలకు రాయచోటి నుంచి మా మేస్త్రి అల్లుడు ఫోను చేశాడు. తెల్లవారుజామున మామ పోయాడని, గుండె ఆగిందని చెప్పాడు. ఫోను పెట్టేసి ఫిల్టరు బిగించాను. లీకు ఉందేమోనని రెండుసార్లు తుడిచి చూశాను. రెండుసార్లు చూడడం ఆయన దగ్గర అబ్బిన అలవాటు.

నేను ఈ గల్ఫు దేశం వచ్చేనాటికి నాకు తెలిసినవి ఊళ్లోని డీజిలు ఇంజన్లు, ట్రాక్టర్లు. పెట్రోలు పని ఆయనే నేర్పాడు. పని కంటే ముందు భయం నేర్పాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోకుండా టీ గ్లాసు ముట్టేవాడు కాదు.

మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, అంటే మా కఫీలుకు, యాభై ఏళ్ల నాటి అమెరికా కారు ఒకటి ఉండేది. పావుమైలు సూటిగా పరిగెత్తే పందేలకే దాన్ని ఉంచాడు. నడిపేది ఆయన కొడుకు. దాన్ని స్టార్టు చేసే ముందు మేస్త్రి చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవాడు. మంటలార్పే సిలిండరు కాలికి తగిలేలా పెట్టుకునేవాడు. బయటికి దారి ఎటుందో ఒకసారి చూసుకునేవాడు. అప్పటికీ చేతులు వణికేవి.

"ఏం మేస్త్రీ, కొత్త పెండ్లికొడుకు మాదిరి వణుకుతాండావు?" అన్నాను ఒకసారి.

"వణకనీ అబ్బీ. ఈ చేతులతోనే ముప్పై ఏండ్లు స్పానరు పట్టినా. వణకనోళ్లు ఇద్దరు నా కండ్ల ముందరే కాలినారు."

మళ్లీ ఎప్పుడూ ఎగతాళి చేయలేదు.

నాలుగేళ్ల కిందట ఆ కారుకు ఒక జబ్బు పట్టింది. బయలుదేరేటప్పుడు బాగుండేది. సగం దూరం పోయాక పెట్రోలు అందక టపటపా పేలి ఆగిపోయేది. కాసేపటికి మళ్లీ మామూలే. మొదటిసారి అలా ఆగినప్పుడు బండి అడ్డంగా తిరిగి గోడకు జానెడు దూరంలో నిలిచింది. కొడుకు దిగి వాంతి చేసుకున్నాడు. మళ్లీ పందెం వచ్చే శుక్రవారమే.

"గురువారానికి బాగవ్వాలి. తప్పు ఎవరిదో తేలితే వాడికి ఆదివారం ఇంటికి టికెట్టు, ఖలాస్," అన్నాడు కఫీలు.

మూడు రోజులు వెతికాం. ఫిల్టరు శుభ్రంగానే ఉంది. పంపు మార్చాం. కార్బురేటర్లు విప్పి కడిగాం. పెట్రోలు గొట్టం ఊడదీసి డబ్బాలోకి పట్టి చూస్తే ధార బాగానే వచ్చేది. మేస్త్రికి అన్నం సహించలేదు. "రోగమేందో తెలీకుండా బాగైందని ఎట్ల చెప్పల్ల? పిల్లోడు గదా దాంట్లో కూచునేది," అనేవాడు.

బుధవారం మధ్యాహ్నం ఆయనకు తట్టింది. పరీక్ష చేసినప్పుడల్లా మేము ట్యాంకు మూత తీసే ఉంచుతున్నాం. "పందెంలో మూత మూసుంటాది గదా" అంటూ మూత బిగించి ధార పట్టాడు. మొదట లావుగా వచ్చింది. తర్వాత సన్నబడింది. చివరికి బొట్లయింది. మూత తిప్పగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. లోపలికి సొట్టపోయిన రేకు టప్పున పైకి లేచింది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటికి రావలసిన గాలికి దారి లేదు.

 అంతకుముందు వారం దుమ్ము వస్తోందని ఆ కారుకు పట్టా కప్పింది నేను. కింద వేలాడే సన్నటి గొట్టం మూతికి నల్ల టేపు చుట్టింది కూడా నేనే. మా ఊళ్లో మోటారు దగ్గర ఏ గొట్టం మూతి తెరిచి వదిలినా కందిరీగలు మట్టి గూడు పెడతాయి. కనబడ్డ మూతికల్లా గుడ్డో ప్లాస్టిక్కో చుట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ట్యాంకుకు గాలి పోయేది ఆ గొట్టంలోంచేనని నాకు తెలియదు.

మేస్త్రి బండి కిందికి దూరి టేపు విప్పుకొచ్చాడు. నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు.

"అన్నా, పారేద్దాం. పాత పంపు పోయిందని చెబుదాం. ఈడ ఉండనిచ్చే నా ఇఖామా పోతాది," అన్నాను.

"పోతాదేమో. నాకూ బయంగానే ఉండాది. రా, ఇద్దరం పోదాం. చెప్పేది మాత్రం నువ్వే చెప్పల్ల."

కఫీలు బల్ల మీద టేపు ముక్క పెట్టాను.

"షినో హాదా?" అన్నాడు. ఏమిటిది అని.

తెలియక నేనే చుట్టానని వచ్చీరాని అరబీలో చెప్పాను. ఆయన బల్ల చరిచాడు. "గాడిదా! నా కొడుకు చచ్చేవాడు!" అని, నా పాస్‌పోర్టు తెమ్మని గుమాస్తాకు కేకేశాడు.

మేస్త్రి చేతులు వణుకుతున్నాయి. వాటిని దాచుకోలేదు. "బాబా, వీణ్ని పంపిస్తే రేపటి నుంచి గ్యారేజీలో ఎవరూ తప్పు ఒప్పుకోరు, దాస్తారు. తప్పు దాచిన బండిలో కూర్చునేది నీ కొడుకే," అన్నాడు.

 కఫీలు ఏమీ తేల్చకుండా పనికి పొమ్మని చేయి ఊపాడు.

శుక్రవారం కారు చివరిదాకా పరిగెత్తింది. మాతో ఎవరూ ఏమీ అనలేదు. శనివారం సబా అల్ సలేంలోని మా గదిలో నేను పెట్టె సర్దుకున్నాను. మేస్త్రి చూసి, "చొక్కా ఒకటి బయట పెట్టుకో, రేపు పనుంటే?" అన్నాడు. ఆయన ముఖంలోనూ భరోసా లేదు. అయినా నా మంచం పక్కనే కూర్చున్నాడు.

ఆ ఆదివారం ఎవరూ వెళ్లలేదు. మేస్త్రి పని చాలించి ఊరికి వెళ్లింది కిందటి జనవరిలో, ఒక మంగళవారం, పొద్దున పదింటి విమానానికి.